చిన్నాయనకు తొందరపడి చేసిన కర్మ

పోయిన నెలలో మా చిన్నాయన చలపతి చనిపోయాడు. సర్జాపుర రోడ్డులో ఆయన కూతురు నీరజ ఉండే అపార్ట్‌మెంట్ల కింద, మామూలుగా పిల్లల పుట్టినరోజులు చేసుకునే హాల్లో సంతాప సభ పెట్టారు. అద్దాల గోడలు, చల్లటి గాలి, చేతులు మారే మైకు. చిన్నాయన సైన్యంలో కెప్టెన్. శ్రీలంక అంతర్యుద్ధంలో శాంతి కాపాడటానికని మన సైన్యం వెళ్ళినప్పుడు తనూ వెళ్ళి, అక్కడ పట్టుబడి, ప్రాణాలతో తిరిగి వచ్చినవాడు. అందుకని యూనిఫారంలో ఉన్న పాత ఫోటో ఒకటి పెద్దది చేయించి స్టాండు మీద నిలబెట్టారు. పొద్దుటి నడకలో తప్ప ఆయన్ని ఎరగని పక్క బ్లాకుల వాళ్ళు వరుసగా వచ్చి పూలు వేసి పోతున్నారు. మా మేనత్త సుగుణమ్మ భర్త రంగనాథ మామ మైకు తీసుకున్నాడు. కుటుంబంలో ఇప్పుడు అందరికంటే పెద్దవాడు ఆయనే.

“మా బావ పులి అప్పా, పులి. దాంట్లో డౌటే లేదు. అయితే శ్రీలంక నుంచి వచ్చినాక మనిషి మనిషిగా లేడు. ఇప్పుడు వార్ ట్రామా అంటారు చూడండి, అదీ ఆయనకి. ఆ కాలంలో మాకు దాని పేరు తెలీదు. తల్లిని, అన్నని, ఇంటిని, అంతా తనే వద్దనుకొని పోయినాడు. మేము ఎంత బతిమాలినాం! యుద్ధం అట్లాంటిది. ఎవురినీ ఏమీ అనేకి లేదు.”

జనం తలలూపారు. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మామ మైకు పక్కవాళ్ళకిచ్చి, టీ కప్పు పట్టుకుని నీరజ దగ్గరికి వచ్చాడు. నేను ఆమె పక్కనే ఉన్నాను.

“చూడమ్మా, పదో దినం, పన్నెండో దినం అని ఏమీ పెట్టుకోవద్దు. మీ నాయనకి అవన్నీ ఆ కాలంలోనే అయిపోయినాయి. ఒకే మనిషికి రెండు తూర్లు చేస్తే శాస్త్రం ఒప్పదు. ఏదన్నా ఆశ్రమంలో అన్నదానం చేసేయ్, బాగుంటాది.”

“ఆ కాలంలోనే అంటే? నేను పుట్టకముందా?”

“ఊ. నువ్వు పుట్టకముందే.”

“అంటే చచ్చిపోయిన మనిషికి పుట్టినానా మామా నేను?”

మామ నవ్వాడు. “నీ నోరు అచ్చం మీ నాయన నోరే తల్లీ” అన్నాడు.

నీరజ నా వైపు తిరిగింది. “అన్నా, అప్పుడు కర్మ చేసింది నువ్వే కదా? నువ్వు చెప్పు. మా నాన్న ఇల్లు వద్దనుకొని పోయినాడా?” చుట్టూ అంతమంది ఉన్నారు. అందరి చేతుల్లో టీ కప్పులు. “తర్వాత మాట్లాడదామమ్మా” అన్నాను నేను. యాభై దాటిన మనిషిని, సొంత సంపాదన మీద బతుకుతున్నవాణ్ణి, ఎవరికీ భయపడాల్సిన పని లేనివాణ్ణి. అయినా ఆ మాటే వచ్చింది నోటికి. మా ఇంట్లో పెరిగినవాళ్ళ నోటికి అదే వస్తుంది.

మా ఇల్లు నగర్తపేటలో ఒక సందులో ఉండేది. ముందు ఊదుబత్తుల కార్ఖానా, వెనక ఇల్లు, మధ్యలో ఒక చిన్న తలుపు. గంధపు పొడి, బొగ్గు పొడి, జిగట పొడి, ఏవేవో నూనెలు కలిపి ముద్ద చేసి, ఆడవాళ్ళు పీటల మీద వేసి పుల్లలకు చుట్టేవాళ్ళు. ఆ వాసన అన్నంలో ఉండేది, దుప్పట్లలో ఉండేది, మా పుస్తకాల్లో ఉండేది. బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు “గుళ్ళోనించి వస్తా ఉండావా?” అని అడిగేవాళ్ళు. మా అవ్వ తెల్లవారకముందే లేచి వీధి జగిలి కడిగి ముగ్గు వేసేది. జగిలి అంటే వీధి వైపు అరుగు. ఆ ఇంట్లో జగిలికి పెద్ద హోదా ఉండేది. అప్పులవాళ్ళను, దూరపు బంధువులను, మైలపడ్డవాళ్ళను అక్కడే కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరు ఎంత లోపలికి రావచ్చో నిర్ణయించేది మా నాయన. ప్రతి కొత్త ముద్దనూ చేతిలోకి తీసుకుని వాసన చూసి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే ఔనో కాదో చెప్పేవాడు. మనుషుల విషయంలోనూ అంతే. అడిగిన వెంటనే జవాబివ్వడం ఆయన దృష్టిలో చిన్నతనం.

చిన్నాయన దీనికి పూర్తిగా వేరు. సెలవుకు వచ్చాడంటే ఇల్లంతా బూటు పాలిష్ వాసన కమ్మేది. ఆ ఒక్క వాసనే మా ఊదుబత్తుల వాసనను గెలిచేది. కొళాయి దగ్గర నిలబడి గడ్డం గీసుకుంటూ, కార్ఖానాలో పనిచేసే తమిళ ఆడవాళ్ళతో పరాచికాలాడేవాడు. “ఏమక్కా, సైన్యంలో నీ అంత గట్టిగా అరిచే సుబేదారు లేడు” అని తమిళంలో అంటే వాళ్ళు ముద్ద చేతులతోనే నోళ్ళు మూసుకుని నవ్వేవాళ్ళు. ఆయనకు తమిళం వచ్చింది ఆ పీటల దగ్గరే. అదే తర్వాత ఆయన్ను శ్రీలంకలో అందరికంటే ముందు నిలబెట్టింది. దారి కాపలాల దగ్గర జనాన్ని ఆపి వెతకాలన్నా, ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడాలన్నా కెప్టెన్ చలపతిని పంపేవాళ్ళు. “మా మాట మాట్లాడతావు, మా సంచులు వెతుకుతావు, ఇదేం న్యాయం నాయనా?” అని ఒక ముసలామె అడిగిందట. జవాబు తెలియక సంచి తిరిగి ఆమె చేతికిచ్చేశానని తర్వాతెప్పుడో చెప్పాడు.

నేను పీయూసీ చదువుతుండగా తంతి వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ణని చదివి అర్థం చెప్పింది నేనే. కెప్టెన్ చలపతి ఆచూకీ తెలియడం లేదు, వెతుకుతున్నారు, తెలిసిన వెంటనే కబురు చేస్తారు. అంతే ఉంది అందులో. చనిపోయాడని లేదు. అవ్వ నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని, “కనపడలేదు అన్నారు కదా, పోయినాడని అనలేదు కదా” అని దేవుడి గదిలోకి పోయింది. చిన్నమ్మ సరోజకు పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ఆమె కార్ఖానాలోకి వెళ్ళి, కోడళ్ళు ఎప్పుడూ కూర్చోని పీట మీద కూర్చుని పుల్లలు చుట్టడం మొదలుపెట్టింది. రోజూ అదే. ఆ పని చేస్తుంటే ఎవరూ ఆమెను పలకరించకుండా ఉంటారని కాబోలు.

నెలలు గడిచాయి. ఇంకో కబురు రాలేదు. ఆ సమయానికే మా మేనత్త సుగుణమ్మకు రంగనాథ మామతో పెళ్ళి నిశ్చయమై ఉంది. ఒకరోజు మామ వాళ్ళ పెద్దలు వచ్చి, కాఫీ తాగి, మెల్లగా అసలు విషయం ఎత్తారు. “తాళి కట్టే టయానికి తంతి వస్తే ఏం చేస్తారప్పా? పందిట్లో మైల పడితే మా పిల్లోడి గతేంది? ఉండాడో లేడో తేల్చేయండి.” మా నాయన కళ్ళు మూసుకున్నాడు. మా ఇంటి పురోహితుణ్ణి అడిగితే, ఆచూకీ తెలియనివాడి కోసం పన్నెండేళ్ళు ఎదురు చూడాలని ఆయన స్పష్టంగానే చెప్పాడు. చనిపోయినట్టు గట్టి కబురుంటేనే దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ చేయొచ్చు, అప్పుడు శుద్ధి అయిపోతుంది, పెళ్ళికి అడ్డముండదు అన్నాడు. మా నాయన కళ్ళు తెరిచి, “గట్టి కబురే. సైన్యం వాళ్ళు చెప్పేసినారు” అన్నాడు. తంతి చదివిన నేను అక్కడే ఉన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు.

శాస్త్రం శాస్త్రం అంటారు ఇప్పుడు మా వాళ్ళు. ఆ శాస్త్రం ఆగమంది. పెళ్ళి ముహూర్తం ఆగనివ్వలేదు.

చిన్నాయనకు కొడుకులు లేరు కాబట్టి అన్న కొడుకుగా కర్త స్థానంలో నన్ను కూర్చోబెట్టారు. గుండు చేయించారు. శ్మశానంలో ఆ ఆకుల బొమ్మకు నిప్పు పెట్టాను. బొమ్మను కాల్చడం ఎంత తేలికో! క్షణంలో అయిపోయింది. పదో రోజు చిన్నమ్మ బొట్టు తీసేశారు, గాజులు తీసేశారు. ఆమె ఏడవలేదు. “తంతిలో అట్ల లేదు కదప్పా ప్రసాదూ?” అని మాత్రం నన్నడిగింది. చుట్టూ ముత్తైదువులు ఉన్నారు. నేను తల వంచుకున్నాను. గుండు మీద ఎండ చురుక్కుమనడం ఇప్పటికీ గుర్తుంది. అవ్వ మాత్రం ఆ పది రోజులూ తన కంచం పక్కన చిన్నాయన కంచం పెట్టుకునే తిన్నది. ఎవరూ తీయలేకపోయారు.

సుగుణత్త పెళ్ళి ఘనంగా జరిగింది. తర్వాత నా తల మీద మళ్ళీ జుట్టు మొలుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చిన్నాయన వచ్చాడు. ఇనుప పెట్టె ఒకటి చేత్తో పట్టుకుని, బాగా చిక్కిపోయి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ సందులోకి నడిచి వచ్చాడు. విడిపించి చెన్నైలో ఆసుపత్రిలో పెట్టారట. తంతి కంటే ముందు తనే చేరదామని తొందరపడి రైలెక్కాడట. నేను జగిలి మీద కూర్చుని చదువుకుంటున్నాను. నన్ను చూసి నవ్వబోయి, నా తల చూసి ఆగిపోయాడు. పెట్టె చేతిలోంచి కింద పెట్టాడు.

“ఎవురప్పా పోయింది? అమ్మనా?”

నేను పుస్తకం మూశాను.

“చెప్పు ప్రసాదూ. అమ్మ పోయిందా?”

అంతలో ఆ గొంతు విని లోపలి నుంచి అవ్వ పరుగెత్తుకొచ్చింది. చిన్నాయన ఆమెను చూశాడు, మళ్ళీ నా తల చూశాడు. అవ్వ వెనకాల బొట్టు లేని ముఖంతో వచ్చి నిలబడ్డ చిన్నమ్మను చూశాడు. ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన జగిలి మీద కూలబడ్డాడు. “నా బిడ్డ ఉండాడురా! చెప్పినానా లేదా మీకు? నా బిడ్డ ఉండాడు!” అని అవ్వ వీధంతా వినపడేట్టు అరిచింది. కార్ఖానా ఆడవాళ్ళు పీటల మీద నుంచి లేచి వచ్చారు. మా నాయన గడప దగ్గరికి వచ్చి, రెండు చేతులూ అడ్డం పెట్టి, “లోపలికి రావద్దు చలపతీ. ముందు చేయాల్సినవి ఉండాయి” అన్నాడు.

చచ్చాడని కర్మ చేసిన మనిషి తిరిగొస్తే అతన్ని మళ్ళీ పుట్టించాలి. నెయ్యీ నీళ్ళూ కలిపిన తొట్టిలో, గర్భంలో బిడ్డలాగా పిడికిళ్ళు బిగించుకుని, మాట్లాడకుండా కూర్చోవాలి. తర్వాత జాతకర్మ చేయాలి, పేరు పెట్టాలి, సొంత పెళ్ళాన్నే మళ్ళీ పెళ్ళి చేసుకోవాలి. అంతవరకూ అతను ఆ గడప దాటకూడదు. పురోహితుడు వచ్చి జగిలి కింద నిలబడి ఇదంతా వివరించాడు. రంగనాథ మామ సభలో మైకు పట్టుకుని సగమే చెప్పిందీ, మా బంధువులు ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో చెప్పుకునేదీ ఏమిటంటే, చిన్నాయన ఇది విని మండిపడి, శాస్త్రాన్ని తిట్టి, అన్నను కొట్టబోయి, మతి చెడి వెళ్ళిపోయాడని. అబద్ధం. శుద్ధ అబద్ధం. నేను అక్కడే, ఆయన పెట్టె పక్కనే ఉన్నాను.

చిన్నాయన అంతా విన్నాడు. “తొట్టి చాలేంత పెద్దది ఉండాదా మన ఇంట్లో?” అని అడిగాడు. కార్ఖానా ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. “సరే, కూర్చుంటా. పేరు పెట్టుకోండి. సరోజకి ఇంకో తూరి తాళి కట్టమంటే నాకేం కష్టం? సంతోషంగా కడతా.” తర్వాత మా నాయన వైపు తిరిగాడు. “ఒక్కటే అన్నా. నేను చచ్చినానని సైన్యం వాళ్ళు చెప్పలేదు, ఆచూకీ లేదనే తంతి ఇచ్చినామని చెన్నైలో నాకు చెప్పినారు. అది నీకు తెలుసు. తెలిసే చేయించినావు. ఆ మాట ఈ వీధిలో అందరి ముందరా చెప్పు. ఆ పిల్ల ముఖం చూసి చెప్పు. తర్వాత ఏ తొట్టిలో కూర్చోమంటే ఆ తొట్టిలో కూర్చుంటా.”

మా నాయన కళ్ళు మూసుకున్నాడు. అది తెలిస్తే మామ వాళ్ళ ముందు పరువు పోతుంది, కొత్తగా కాపురానికి వెళ్ళిన చెల్లెలికి మాట వస్తుంది. అవన్నీ లెక్క వేసుకున్నాడు. ఎండ జగిలి మీద నుంచి గోడ మీదికి పాకేదాకా చిన్నాయన అట్లాగే కూర్చుని ఎదురు చూశాడు. అవ్వ బయటికి తెచ్చి ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగాడు. ఆ చెంబు కూడా బయటివాళ్ళకు ఇచ్చేదే. లోపలి చెంబు మా నాయన తేనివ్వలేదు. చివరికి మా నాయన, “తర్వాత మాట్లాడదాం” అన్నాడు.

చిన్నాయన లేచి పెట్టె అందుకున్నాడు. చిన్నమ్మ మా నాయన చేయి కింది నుంచి వంగి గడప దాటి వచ్చింది. సందు మొదట్లో పసుపు కుంకుమ అమ్మే అంగడి ముందు ఇద్దరూ ఆగారు. చిన్నాయన కుంకుమ అడిగి తీసుకుని, వీధిలో నిలబడే ఆమెకు బొట్టు పెట్టాడు. అదీ మా వాళ్ళు చెప్పే ‘బతిమాలినా రాలేదు’. వెనక నుంచి పిలిచినవాళ్ళు ఒక్కరూ లేరు. అవ్వ పిలిచేదే, ఆమెను లోపలికి తీసుకుపోయారు.

ఆ తర్వాత సైన్యంలో ఇంకొన్నేళ్ళు పనిచేసి, సర్జాపుర వైపు అంతా టమాటా, గులాబీ తోటలుగా ఉన్న రోజుల్లో అక్కడ చిన్న ఇల్లు తీసుకున్నాడు. నేను దొంగచాటుగా వెళ్ళేవాణ్ణి. మా నాయన ఉన్నన్నాళ్ళూ దొంగచాటుగానే వెళ్ళాను, అందుకు సిగ్గుపడుతున్నాను. మతి చెడిన మనిషి ఎవరూ నాకక్కడ కనిపించలేదు. గులాబీ అంట్లు కట్టేవాడు, చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పేవాడు, నీరజను భుజం మీద ఎక్కించుకుని సంతకు పోయేవాడు. చెడ్డ కలలు వచ్చేవేమో, ఉలికిపడేవాడేమో, నేను కాదనను. యుద్ధం నుంచి వచ్చిన ఎవరికి రావు? కానీ ఆయన్ను ఇల్లు దాటించింది ఆ కలలు కాదు. ఒకసారి భోజనం దగ్గర, నేనడగకుండానే చెప్పాడు. “నన్ను పట్టుకున్నోళ్ళు ఒక ముసలామె ఇంట్లో పెట్టినారు ప్రసాదూ. ఆమె కొడుకు మావాళ్ళ తుపాకులకే పోయినాడంట. అయినా నాకు అన్నం బయట కూర్చోబెట్టి పెట్టలేదప్పా. లోపలికి పిలిచి, కంచం కడిగి, వడ్డించింది.” అంతే చెప్పి, మజ్జిగ పోసుకున్నాడు. మా ఇంటి ఊసెత్తలేదు.

అప్పుడు శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నారు. ఇప్పుడు శాస్త్రం పేరు చెబితే అపార్ట్‌మెంట్ల వాళ్ళు నవ్వుతారని ట్రామా అంటున్నారు. మా నాయనకు కనీసం ఆ రోజు కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. మామ కళ్ళు తెరుచుకునే, మైకులో, పూలు పట్టుకున్న కొత్తవాళ్ళ ముందు చెప్పాడు. జాలి మాటల్లో చుట్టి చెప్పిన అబద్ధాన్ని ఎవరూ ప్రశ్నించరు. పాతకాలం వాళ్ళది మూర్ఖత్వం, మనం తెలివిమీరామనుకునేవాళ్ళు ఆ హాల్లోకి వచ్చి వినాల్సింది.

పదో రోజు కర్మ శ్రీరంగపట్టణం దగ్గర కావేరి ఒడ్డున నీరజే చేసింది. ఆడపిల్ల చేత చేయించే పురోహితుణ్ణి తనే వెతుక్కుంది. మామ వైపు వాళ్ళెవరూ రాలేదు. పిలవకపోయినా నేను వెళ్ళాను. చిన్నమ్మ మెట్ల మీద, తువ్వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. దాయాదులు ఎవరైనా ఉంటే వచ్చి నీళ్ళు వదలాలని పురోహితుడు కన్నడంలో పిలిచాడు. నేను పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగబోయాను. నీరజ తడి చేయి అడ్డం పెట్టింది.

“నువ్వొద్దన్నా. నువ్వు ఒక తూరి చేసేసినావు.”

“నీరజా...”

“ఆ పొద్దు హాల్లో అడిగితే చెప్పినావా? చెప్పుంటే నేనే పిలిచేదాన్ని.”

“యారూ ఇల్వా అమ్మా?” అని అడిగాడు పురోహితుడు, ఎవరూ లేరా అని.

“లేరు స్వామీ” అంది.

నేను మెట్లెక్కి వచ్చి చిన్నమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు. జేబులోంచి ఫోను తీసి మామకు చేశాను.  “మామా, తంతిలో చిన్నాయన పోయినాడని లేదు. నాయనకి తెలుసు. మీ పెద్దోళ్ళు తేల్చమన్నారని, మీ పెళ్ళి ఆగిపోతాదని చేయించినారు. చిన్నాయన తొట్టిలో కూర్చుంటానన్నాడు. నాయన ఒక్క మాట చెప్పలేకపోయినాడు. ఇదంతా నిజమా కాదా?”

“ఇప్పుడెందుకప్పా అవన్నీ? మీ నాయన పేరే కదా చెడిపోయేది?”

“చెడిపోనీ. నిజమా కాదా?”

నడుం లోతు నీళ్ళలోంచి నీరజ అరిచింది. “స్పీకర్లో పెట్టన్నా!”

పెట్టాను. పురోహితుడు మంత్రం ఆపాడు. అటువైపు మామ విసుక్కుంటూ ఊపిరి వదలడం కావేరి చప్పుడులో కూడా వినపడింది. “నిజమేలేప్పా. అందరికీ తెలిసిందే కదా. ఆయన పోయినాడని తంతిలో లేదని మాకూ తెలుసు. అయితే ఏం చేయాల ఇప్పుడు?”

ఆ ఒక్క మాట కోసం చిన్నాయన జగిలి మీద ఎండ తిరిగేదాకా కూర్చున్నాడు. చిన్నమ్మ ఫోను వైపు కాసేపు చూసింది. తర్వాత ఒళ్ళోని తువ్వాళ్ళు పక్కన పెట్టి, నీళ్ళలోకి చూసి, “విన్యావు కదా నీరజా? ఇంక కానీ” అంది.

పురోహితుడు మంత్రం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నన్నెవరూ పిలవలేదు.